దవడ కీలు నొప్పి: వ్యాయామంపై అపోహలు, వాస్తవాలు

అపోహ: దవడ పట్టేస్తే బాగా నమలాలి, అప్పుడే వదులవుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నమ్మేది ఇదే, ఎక్కువ చెడు చేసేదీ ఇదే. చూయింగ్ గమ్ నములుతారు, కుర్రాళ్లయితే జాలైన్ (దవడ అంచు చెక్కినట్టు కనిపించడం) కోసమని రబ్బరు బంతులు కొరుకుతారు. టెన్షన్‌లో పగలంతా పళ్లు బిగించి ఉంచేవాళ్ల దవడ కండరాలు అసలే అలిసిపోయి ఉంటాయి. వాటికి ఇంకా పని చెబితే నొప్పి పెరుగుతుంది.

ఊరికే ఉన్నప్పుడు పై పళ్లూ కింది పళ్లూ తగలకూడదు. పెదవులు మూసి, పళ్లు ఎడంగా ఉంచి, నాలుక కొనను పై ముందు పళ్ల వెనక అంగిలికి ఆనించండి. మొదటి వ్యాయామం ఇదే, చాలామందికి ఇదే కష్టం కూడా! తర్వాత నాలుక అక్కడి నుంచి జారకుండా ఎంత వీలైతే అంతే నోరు మెల్లగా తెరిచి మూయాలి. అద్దం ముందు చేస్తే దవడ పక్కకు పోతోందేమో తెలుస్తుంది. చిలీ ఫిజియోథెరపిస్ట్ మరియానో రొకబాడో పద్ధతిలో ఆరు వ్యాయామాలు, ఒక్కోటి ఆరేసి సార్లు, రోజుకు ఆరు విడతలు. లెక్క అటూ ఇటూ అయినా ఫరవాలేదు కానీ, రోజంతటిదీ రాత్రి ఒకేసారి చేసేయకండి.

అపోహ: నోరు తెరిచేటప్పుడు దవడ టక్కుమంటే కీలు అరిగినట్టే.

నొప్పి లేకుండా నోరు పూర్తిగా తెరుచుకుంటుంటే ఆ చప్పుడుకు వైద్యం అక్కర్లేదు. వ్యాయామంతో అది పోతుందని నేనైతే మాటివ్వను. చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయి, నోరు సగమే తెరుచుకుంటే మాత్రం చూపించుకోవాలి.

అపోహ: నోరు తెరుచుకోకపోతే ఎవరికైనా ఒకటే వ్యాయామం.

ముందు పళ్ల మధ్య మీ మూడు వేళ్లు నిలువుగా పడితే ఇబ్బంది లేనట్టే. గుట్కా, వక్కపొడి నమిలేవాళ్లకు బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు బిగుస్తుంది. దాన్ని ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. క్యాన్సర్‌కు దారితీయగలదు కాబట్టి ముందు డెంటల్ డాక్టర్ చూడాలి. ఆ తర్వాత ఐస్‌క్రీమ్ పుల్లలు దొంతిగా పళ్ల మధ్య పెట్టి, మెల్లగా ఒక్కో పుల్లా పెంచుతూ సాగదీయిస్తాం. గుట్కా మానకుండా ఎన్ని పుల్లలు పెట్టినా వృథా. జ్ఞానదంతం దగ్గర చీము, వాపు ఉంటే బలవంతంగా తెరవనే వద్దు.

అపోహ: ఆపరేషనే శాశ్వత పరిష్కారం.

దీర్ఘకాలిక దవడ కీలు నొప్పిపై 2023లో బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చిన మార్గదర్శకాలు నిపుణుల పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలను గట్టిగా సిఫార్సు చేశాయి. కీలులోని డిస్క్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర) తీసేసే ఆపరేషన్ వద్దన్నాయి.

దవడ నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం ఉంటే మాత్రం వ్యాయామాల జోలికి పోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.