వట్టువాకల్ వద్ద లొంగిపోయినవారి జాబితా ఏది?

శ్రీలంక సైన్యం, నౌకాదళం మాజీ అధిపతులు ముగ్గురిపైనా, తమిళ పులుల (ఎల్‌టీటీఈ) నుంచి చీలిపోయిన కరుణపైనా బ్రిటన్ 2025 మార్చిలో ఆంక్షలు విధించడంతో 2009లో సైన్యానికి లొంగిపోయి మాయమైనవారు ఏమయ్యారన్న ప్రశ్న మళ్లీ రేగింది. ఆ ముగ్గురిలో ఒకరైన శవేంద్ర సిల్వా చివరి దశ పోరులో 58వ డివిజన్‌కు నాయకత్వం వహించారు. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన పులులకూ, శ్రీలంక ప్రభుత్వానికీ మధ్య ఆ యుద్ధం ఎందుకు మొదలైందో, ఎలా సాగిందో తెలిసినదే. నేటి వివాదానికి మూలం 2009 మే 18న ఉత్తర శ్రీలంకలో ముల్లైత్తీవు దగ్గరి వట్టువాకల్‌లో ఉంది.

ఆ రోజు ఫ్రాన్సిస్ జోసెఫ్ అనే క్యాథలిక్ ఫాదర్ పులుల నాయకులను వెంటబెట్టుకుని లొంగుబాటుకు వెళ్లారనీ, వారి పేర్లు రాసుకుని బస్సు ఎక్కించారనీ, పులుల నాయకుడైన తన భర్త ఎళిలన్ కూడా అందులో ఉన్నారనీ అనంతి శశిధరన్ చెబుతూ వచ్చారు. ఆ తరువాత ఎళిలన్ గానీ, ఆ ఫాదర్ గానీ ఎవరికీ కనిపించలేదు. లొంగిపోయిన సుమారు 12 వేల మందికి పునరావాసం కల్పించి ఇళ్లకు పంపామన్నది ప్రభుత్వ వాదన. అందులో నిజం లేకపోలేదు, కానీ బస్సు ఎక్కినవారి గురించి అది ఏమీ చెప్పదు. లొంగుబాటు తరువాత మాయమైనవారిపై విచారణ జరపాలని ప్రభుత్వం నియమించిన కమిషనే 2011లో సిఫార్సు చేసింది.

అసలు మలుపు 2016లో, ముల్లైత్తీవు కోర్టులో మాయమైనవారిని కోర్టు ముందు హాజరుపరచాలని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్లపై విచారణ సాగుతుండగా వచ్చింది. లొంగిపోయినవారి జాబితా తమ దగ్గర ఉందని 58వ డివిజన్ అధికారి సాక్ష్యం చెప్పారు. తీరా కోర్టుకు అందినది పునరావాసం పొందినవారి జాబితా. 2019లో సమాచార హక్కు దరఖాస్తుకు బదులిస్తూ, పులులు లొంగిపోయింది ప్రభుత్వానికే తప్ప తమకు కాదని సైన్యం చెప్పింది. యుద్ధభూమిలో ప్రభుత్వం తరఫున యూనిఫాంలో నిలబడింది ఎవరో మరి!

2009లో రక్షణ కార్యదర్శిగా, 2020 నాటికి అధ్యక్షుడిగా ఉన్న గోటబాయ రాజపక్స, ఆచూకీ లేనివారంతా చనిపోయారనీ, దర్యాప్తు తరువాత మరణ ధ్రువపత్రాలు ఇస్తామనీ ఐక్యరాజ్యసమితి ప్రతినిధికి చెప్పారు. ఉత్తరాదిలోని కిలినొచ్చి పట్టణంలో 2017 ఫిబ్రవరి నుంచి ఫొటోలు పట్టుకుని నిరసనకు కూర్చున్న కుటుంబాలు ఆ పత్రం తీసుకోవడానికి ఒప్పుకోలేదు. బతికుండగా తమ చేతులతో అప్పగించినవారిని, ఎవరు, ఎక్కడ, ఎలా చంపారో చెప్పకుండా చనిపోయారని రాసిస్తే ఎలాగన్నది వారి ప్రశ్న.