ఇంటి కుండకు లేని అనుమతి: విశాఖలో బీరు సరదా వ్యాపారం కాలేకపోవడం వెనక కథ

విశాఖపట్నంలో ఓడల మీద పనిచేసి వచ్చిన మనిషి లేని వీధి అరుదు. అలా తిరిగి వచ్చినవారు విదేశీ రేవుల నుంచి వెంట తెచ్చుకున్న అలవాట్లలో, ఇంట్లోనే బీరు తయారుచేసుకోవాలన్న సరదా ఒకటి. నాకు పరిచయమున్న ఒక పెద్దాయన ఉద్యోగం మానేసి భీమిలిలో స్థిరపడ్డాక, విదేశీ రేవుల్లో నేర్చిన ఈ విద్యతో ఒక చిన్న దుకాణం పెట్టుకోవాలని ఆశపడి, అనుమతుల సంగతి కనుక్కుందామని నగరంలోని ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లారు. "అమ్మకం మాట తరవాత చూద్దాం సార్, అసలు ఇంట్లో చెయ్యడమే నేరం కదా" అన్నది ఆయనకు దొరికిన మొదటి జవాబు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వంటగదిలో మొదలైన ఇదే సరదా చిన్న ఊళ్లలో పదిమందికి పని చూపించే వ్యాపారంగా ఎదిగిన దాఖలాలు ఎన్నో ఉండగా, ఇక్కడ ఆ దారి మొదటి మెట్టు దగ్గరే ఎందుకు తెగిపోయిందో తెలియాలంటే సుమారు 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మాటలోనే ఒక చిక్కు ఉంది. తెలుగులో కల్లు గీస్తారు, సారా కాస్తారు. బీరుకు మాత్రం మనకు క్రియ లేదు, దాన్ని కొంటారు, తాగుతారు, అంతే. అందుకే ఇంట్లో బీరు చేసుకుంటున్నామని ఎవరైనా అంటే వినేవారి మనసులో మెదిలేది నల్లబెల్లం ఊట, పొయ్యి మీద కుండ, గొట్టంలోంచి చుక్కచుక్కగా కారే నాటుసారా. నిజానికి ఈ రెండు పనులకూ పోలిక తక్కువ. సారా బట్టీ పెట్టి ఆవిరిని పట్టేది, బీరు కేవలం పులియబెట్టేది. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, అంటే మాల్టును, బరకగా పగలగొట్టి సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే దానిలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి గాలి చొరబడకుండా మూత పెడతారు. ద్రవం నీటికంటే ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్ అనే గాజు గొట్టాన్ని అందులో తేలవేస్తే మొదటి రోజు 1.050 చూపించినది పది రోజులకు 1.010కి దిగిందంటే, చక్కెర ఖర్చయి 5 శాతానికి కాస్త పైన ఆల్కహాలు తయారైందని లెక్క. ఏల్ రకం ఈస్టుకు 18 నుంచి 22 డిగ్రీల చల్లదనం కావాలి కాబట్టి, ఉప్పుగాలి వీచే మన తీరంలో ఎవరు చేయాలన్నా పాత ఫ్రిజ్జు ఒకటి తప్పనిసరి. పనిలో ముప్పాతిక వంతు గిన్నెలు, గొట్టాలు, సీసాలు కడగడమే. ఈ సంగతి సరదా పడేవారికి ముందుగా ఎవరూ చెప్పరు.

ఇక చరిత్ర. ఇంటి అవసరానికి మత్తు పానీయం తయారుచేసుకునే హక్కు ఈ ప్రాంతంలో ఒకప్పుడు లేకపోలేదు. దాన్ని తీసేసిన సందర్భం కూడా స్పష్టంగానే నమోదైంది. గోదావరి మన్యంలోని రంప ప్రాంతపు కొండజనం తాటి, జీలుగు చెట్ల నుంచి తమ ఇంటికి సరిపడా కల్లు తామే గీసుకునేవారు. 1870లలో వచ్చిన ఆబ్కారీ నిబంధనలు ఇంటివాడకం కోసమైనా సరే అనుమతి లేకుండా కల్లు గీయకూడదన్నాయి, కల్లు మీద వచ్చే ఆదాయాన్ని మైదాన ప్రాంతపు కాంట్రాక్టర్లకు పాటకు ఇచ్చాయి. దీనికి తోడు అక్కడి జమీందారు లాంటి మన్సబుదారు 'చిగురుపన్ను' పేరుతో కల్లు మీదనే మరొక పన్ను పిండాడు. పోలీసుల జులుం, పైనుంచి వచ్చిన వడ్డీవ్యాపారుల దోపిడీ కూడా కలిసి 1879 మార్చిలో తిరుగుబాటు లేచింది. రంప పితూరీ అనగానే మనకు 1922-24 నాటి అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తారు గానీ, ఇది అంతకు నాలుగు దశాబ్దాల ముందటి మాట. ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులు నడిపిన ఆ పితూరీ కొద్దికాలంలోనే విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ కొండలకు, అంటే ఇప్పటి నర్సీపట్నం పై ప్రాంతానికి పాకింది. ఇంట్లో తాగే కల్లు మీద పెట్టిన ఆంక్ష ఒక సాయుధ తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి కావడం మన్యం చరిత్రలో జరగాల్సినంత చర్చ జరగని అంశమని నా అభిప్రాయం.

తిరుగుబాటును అణచిన ప్రభుత్వం నిబంధనలను సడలించే దారిలో కాక, వాటిని ఒక క్రమంలో పెట్టే దారిలో నడిచింది. 1886లో వచ్చిన మద్రాసు ఆబ్కారీ చట్టం తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం అన్నిటినీ లైసెన్సు కిందికి తెచ్చింది. చెట్టుకింత అని పన్ను, దుకాణానికింత అని వేలం. ఆ చట్టం దృష్టిలో కుండ ఎవరిదైనా, ఎంతదైనా, అది ఖజానాకు రావలసిన డబ్బును దాచే పాత్ర. సరదాకు చేసుకునేవాడు, అమ్ముకునేవాడు అన్న తేడా దానికి అక్కర్లేదు. ఈ చూపే ఇప్పటిదాకా కొనసాగింది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలోని 8వ అంశం మత్తు పానీయాల తయారీ నుంచి అమ్మకం వరకు అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చింది, 51వ అంశం వాటి మీద ఎక్సైజ్ సుంకాన్ని కూడా వాటికే అప్పగించింది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల పాత చట్టాల స్థానంలో 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఏ మత్తు పానీయం తయారుచేసినా నేరమే. ఇంటి వాడకానికి ఇన్ని లీటర్లు అన్న మినహాయింపు బీరుకు లేదు.

పన్ను చూపు ఒకవైపు ఉంటే, నిషేధపు చూపు మరోవైపు. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్య నిషేధం 1948 నాటికి విశాఖతో సహా మద్రాసు ప్రెసిడెన్సీ అంతటికీ విస్తరించింది. ఈ ప్రశ్న ఎంత పదునైనదంటే, 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రపు తొలి ప్రభుత్వం, టంగుటూరి ప్రకాశం పంతులు నాయకత్వంలోనిది, 1954 నవంబరులో మద్య నిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాస తీర్మానంతోనే పడిపోయింది. ఆ తరవాత 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో సారా అమ్మించడం, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన మహిళల సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీ రామారావు తెచ్చిన సంపూర్ణ నిషేధం, 1997లో దాని సడలింపు, ఇవన్నీ చాలామంది పాఠకులు కళ్లారా చూసినవే. ఇంతటి ఉద్యమాన్ని చూసిన రాష్ట్రంలో ఏ శాసనసభ్యుడూ లేచి నిలబడి 'ఇంట్లో చేసుకోనివ్వండి' అని అడగడు. అలా అడగకపోవడంలో న్యాయం కూడా లేకపోలేదు. తాగుబోతు భర్త చేతిలో కూలి డబ్బు పోగొట్టుకున్న మహిళకు నాటుసారాకూ మాల్టు బీరుకూ ఉన్న తేడా వివరించబోవడం ఎవరికైనా కష్టమే. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి అయినా, అందులో నల్లబెల్లం ఎక్కడికి పోతుందోనని ఎక్సైజ్ సిబ్బంది ఓ కన్నేసి ఉంచడం ఈ చరిత్రలో భాగమే.

ఇదే సమస్య ఇతర దేశాల్లో మరో రకంగా తేలింది. బ్రిటన్‌లో 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం ఇంట్లో బీరు చేసుకునేవారికి కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది. 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. ఆ తరవాత కొద్దికాలానికే అమెరికా నౌకాదళంలో పనిచేస్తూ స్కాట్లాండులో ఉన్న జాక్ మెకాలిఫ్ అనే యువకుడు అక్కడే ఇంట్లో బీరు చేయడం నేర్చుకున్నాడు. అమెరికాకు తిరిగి వచ్చాక తన దేశంలో ఆ రుచి దొరక్క, 1976లో కాలిఫోర్నియాలోని సొనోమాలో న్యూ ఆల్బియన్ అనే చిన్న కర్మాగారం పెట్టాడు. ఓడ ఉద్యోగం, విదేశీ రేవులో పట్టిన అలవాటు, తిరిగి వచ్చాక చిన్న ఊళ్లో దుకాణం, ఈ వరస భీమిలి పెద్దాయన కథకు ఎంత దగ్గరగా ఉందో ఆయనకు చెబితే చాలాసేపు నవ్వుకున్నారు. మెకాలిఫ్ వ్యాపారం మాత్రం 1982లోనే మూతపడింది. అప్పు పుట్టలేదు, పాత్రలు మరీ చిన్నవి.

నిలదొక్కుకున్నది మరొకరు. కెన్ గ్రాస్‌మన్ 1976లో కాలిఫోర్నియాలోని చీకో అనే కళాశాల పట్టణంలో ఇంట్లో బీరు చేసుకునేవారికి సరుకులమ్మే దుకాణం తెరిచాడు. పాల డెయిరీల పాత తొట్లను కొని, తనే వెల్డింగు చేసుకొని, భాగస్వామితో కలిసి 1980లో సియెరా నెవాడా పేరుతో తొలి బీరు తీశాడు. తరవాతి కాలంలో అది అమెరికాలోని పెద్ద బీరు కంపెనీల్లో ఒకటైంది. ఈ మధ్యలో చట్టం కూడా మారింది. 1933లో అమెరికా మద్య నిషేధం ఎత్తేసినప్పుడు ఇంటి వైనుకు దొరికిన వెసులుబాటు ఇంటి బీరుకు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పెద్దలు ఒక్కరున్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకుమించి ఉన్న ఇంటికి 200 గ్యాలన్లు పన్ను లేకుండా చేసుకునే వీలు కల్పించింది, అమ్మకూడదన్న షరతుతో. అక్కడా మద్యం రాష్ట్రాల చేతిలోని అంశమే కాబట్టి, మిసిసిపి, అలబామా రాష్ట్రాలు ఒప్పుకునే సరికి 2013 వచ్చింది. ముఖ్యమైన విషయం ఈ వరసలో ఉంది: ముందు 20 లీటర్ల కుండకు గుర్తింపు, ఆ కుండ దగ్గర చేయి తిరిగినవారికి తరవాత వ్యాపారం.

మన దేశంలో ఈ వరస తిరగబడింది. వంటగది ఊసెత్తకుండా హోటలు తలుపు నేరుగా తెరిచారు. హరియాణా, మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రాలు మైక్రోబ్రూవరీలకు, అంటే చిన్న బీరు తయారీ కేంద్రాలకు, అనుమతులివ్వగా, పుణెలో 2009లో దూలాలీ, బెంగళూరులో 2010లో టాయిట్ మొదలయ్యాయి. తెలుగు రాష్ట్రాలు తరవాత అదే బాట పట్టాయి, విశాఖకూ ఆ సంస్కృతి వచ్చింది. వీటి నమూనా ఒకటే. భోజనశాలకో బారుకో అనుబంధంగా స్టీలు తొట్లు, అక్కడే తయారీ, అక్కడే గ్లాసులో పోయడం. లైసెన్సు రుసుము, స్థలం, యంత్రాలు, వంటవాళ్లు అన్నీ కలిపితే ఇది లక్షలతో తేలే వ్యవహారం కాదు. కాబట్టి ఇందులోకి వచ్చినవారు సాధారణంగా హోటలు వ్యాపారులు. బీరు చేయడం తెలిసినవాడు వారి దగ్గర జీతగాడు. నర్సీపట్నంలోనో భీమిలిలోనో అద్దె షెడ్డులో 200 లీటర్లతో మొదలుపెట్టి సీసాల్లో నింపి చుట్టుపక్కల అమ్ముకునే మనిషికి సరిపోయే లైసెన్సు ఈ మెట్లలో ఎక్కడా లేదు. ఒక చివర శ్రీకాకుళం జిల్లా బంటుపల్లిలో ఉన్నటువంటి భారీ బీరు కర్మాగారం, మరో చివర నగరంలోని హోటలు. నడిమి మెట్టు ఖాళీ.

కొన్ని రాష్ట్రాలు పక్కదారులు వెతికాయి. పుణెలో మూన్‌షైన్ మీడరీ అనే సంస్థ తేనెను పులియబెట్టి చేసే మీడ్‌ను 2018లో మార్కెట్టులోకి తెచ్చింది. దాని వ్యవస్థాపకులు మొదలుపెట్టింది ఇంట్లో సరదాగానే. మధ్యప్రదేశ్ 2022లో గిరిజనులు చేసే ఇప్పసారాకు వారసత్వ మద్యం పేరుతో ప్రత్యేక విధానం ప్రకటించింది. అరకు, పాడేరు కొండల్లో తేనె ఉంది, ఇప్పపూలు ఉన్నాయి, జీలుగు కల్లు సంగతి చెప్పనక్కర్లేదు. గిరిజన ప్రాంతాల పంచాయతీల కోసం 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పానీయాల నియంత్రణాధికారాన్ని గ్రామసభకూ పంచాయతీకీ కట్టబెట్టింది కూడా. అయినా కొండ మీద ఏం తయారుచేయాలన్నది నగరంలో కూర్చున్నవారు నిర్ణయించే అలవాటు 1870ల నుంచి పెద్దగా మారలేదు.

ఇక మిగిలింది మత్తు లేని వైపు. 2019 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం 0.5 శాతానికి మించి ఆల్కహాలు ఉన్నదే మద్య పానీయం. అంతకు లోపు ఉంటే అది ఆహార వ్యాపారం కిందికి వస్తుంది. ఏడాది టర్నోవరు 12 లక్షల లోపు ఉన్నవారికి ఏడాదికి 100 రూపాయల రుసుముతో రిజిస్ట్రేషను దొరికేది. టీ ఆకును పులియబెట్టే కొంబుచ, అల్లం బీరు ఈ కిటికీలోంచే వచ్చాయి. తాటి చెట్టుకు కట్టిన కుండకు లోపల సున్నం పూసి పులియకుండా దించే నీరా కూడా దీనికి దగ్గరి చుట్టమే. తాటి మీద, నీరా మీద పరిశోధన చేసే ఉద్యాన పరిశోధన కేంద్రం రంపచోడవరం దగ్గరి పందిరిమామిడిలో ఉంది; కల్లు కోసం పితూరీ లేచిన నేల అది.

భీమిలి పెద్దాయన చివరికి అల్లం బీరుకే దిగారు. అల్లం, అనకాపల్లి బెల్లం, నిమ్మరసం, పులియబెట్టేందుకు ఇంట్లోనే పెంచిన పులుపు ముద్ద. ఇక్కడ లెక్క బీరు కంటే కటువైనది. హైడ్రోమీటరు 1.040 నుంచి 1.036కు దిగేసరికి అర శాతం గీత దాటిపోతుంది, అంటే నాలుగు గీతల తేడాలో ఆహార పానీయం కాస్తా మద్యం అవుతుంది. అందుకని ఆయన రెండు గీతలు దిగగానే సీసాలను ఫ్రిజ్జులోకి ఎత్తేస్తారు, ప్రతి విడత నుంచి ఒక సీసా పరీక్షకు పంపుతారు, ఒక పాత ఓడ లాగుబుక్కులో తేదీ, ఉష్ణోగ్రత, అంకె రాసుకుంటారు. మొదటి వేసవిలో ఒక మధ్యాహ్నం కరెంటు నాలుగు గంటలు పోయింది. నేను వసారాలో కూర్చొని ఉండగా లోపల వరసగా మూడు చప్పుళ్లు వినిపించాయి. వెళ్లి చూస్తే గోడంతా అల్లం పిప్పి, నేల మీద గాజు పెంకులు, బెల్లం వాసన. ఆయన చీపురు తెచ్చుకుంటూ, "ఇదే గనక బీరైతే పక్కింటాయన ఈపాటికి ఫోను చేసుండేవాడు" అన్నారు. ఇప్పుడు తీరం రోడ్డులోని రెండు టిఫిన్ హోటళ్లకు ఐసు పెట్టెలో పెట్టి వారానికి మూడు రోజులు వేస్తున్నారు. ఏప్రిల్ చివర్లో సీసాలు కడిగి బోర్లించి, వానలు పడ్డాకే మళ్లీ ముట్టుకుంటారు.