సుత్తి ఎక్కడ పెట్టావమ్మా?

మైలాపూర్, చెన్నై.

చిరంజీవులు అమ్మలుకీ, చిన్నాకీ పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అమ్మలు అడిగిన మాట రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. "వచ్చే నెల పది రోజులు ఫీల్డ్ ట్రిప్ అంటున్నారు పెద్దమ్మా. రాళ్ళన్నీ మా జియాలజీ డిపార్ట్‌మెంట్ మ్యూజియంలోనే ఉన్నాయి కదా, మళ్ళీ ఎండలో పడి అంత దూరం ఎందుకు?" అంది. వెనక నుంచి మీ నాన్న "నేనూ అదే అంటున్నా" అనడం కూడా వినపడింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. చిన్నా, నువ్వు ఇంకా ఇంటరే గానీ నువ్వూ చదువు. మీ నాన్నకూ చదివి వినిపించండి.

మ్యూజియం ట్రేలో రాయికి నంబరుంటుంది, పక్కన పేరుంటుంది. చార్నకైట్ అని రాసి ఉంటే చార్నకైట్ అని నేర్చుకుంటాం. అదే రాయి మన పరంగిమలై కొండంతా ఉంది. సెయింట్ థామస్ మౌంట్ అంటారే, అదే. 1893లో థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషువాడి సమాధి మీద పరిచిన రాయి ఈ జాతిదే, పేరు అక్కణ్ణుంచి వచ్చింది. ఇంతవరకూ పుస్తకంలో ఉంటుంది. కొండ దగ్గరికి వెళ్తే మాత్రం బయటంతా గోధుమరంగు పెచ్చు, మీద నాచు, పగుళ్ళలో మట్టి. ఇది ఫలానా రాయి అని ఎక్కడా రాసి ఉండదు. ఎక్కడో ఒక చోట కొత్తగా విరిగిన అంచు దొరికితే అక్కడ నల్లగా, కాస్త ఆకుపచ్చ కలిసిన నీలంగా, నూనె రాసినట్టు జిడ్డుగా మెరుస్తుంది. ఆ మెరుపు ఒక్కసారి కళ్ళారా చూస్తే జన్మలో మర్చిపోరు. దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందట, మన కాళ్ళ కింద ఇరవై కిలోమీటర్లకు పైగా లోతులో, 700 డిగ్రీలు దాటిన వేడిలో తయారైన రాయి అది. ఇప్పుడు లోకల్ ట్రైన్ కిటికీలోంచి కనిపిస్తోంది. దాని మీదున్న అంత మందం ఏమైపోయిందన్న ప్రశ్న ట్రే ముందు కూర్చుంటే రాదు, కొండ మీద నిలబడితే తప్పకుండా వస్తుంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తాను. మేం డిగ్రీ రెండో ఏడాదిలో కడప జిల్లాకు వెళ్ళాం. మీ వంటింట్లో అరలకు వేసిన కడప బండ తెలుసు కదా, ఆ సున్నపురాయి పొరలు వాగు ఒడ్డున బయటపడి ఉంటే వాటి వాలు కొలవాలి. పెంకుటిల్లు కప్పు గుర్తు తెచ్చుకోండి. వాన నీళ్ళు జారే వైపు, ఆ వాలు ఎంతో, అది డిప్. దానికి అడ్డంగా, దూలంలా సమంగా పోయే గీత స్ట్రైక్. క్లైనోమీటర్ అంటే వాలు చూపే ముల్లు కూడా ఉన్న దిక్సూచి. బండ ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి మీద నోట్‌బుక్ పరిచి, దాని అంచుకు క్లైనోమీటర్ ఆనించి చదవాలి. నేను అలాగే చేశాను. గాలికి పేజీలు ఎగురుతుంటే వాటి మీద సుత్తి పెట్టాను.

రాత్రి సత్రం వరండాలో లాంతరు దగ్గర కూర్చుని ఆ అంకెలన్నీ టోపోషీట్ మీదికి, అంటే కొండలూ వాగులూ చూపే పటం మీదికి, ఎక్కించాం. నా మ్యాపులో వాగుకు ఇవతల పొరలు ఒక దిక్కుకు, అవతల ఇంకో దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఇక్కడ పొరలు మడతపడ్డాయని నాకు నేనే తేల్చుకుని, గీత కూడా గట్టిగా గీశాను. మా మాస్టారు మ్యాపు చూసి, తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు. "కొలిచేటప్పుడు సుత్తి ఎక్కడ పెట్టావమ్మా?" అని అడిగారు, అంతే. ఇనుము పక్కనుంటే దిక్సూచి ముల్లు అటు లాగుతుందని ఎనిమిదో తరగతి నుంచీ చదువుకున్నదే. అవతలి ఒడ్డున గాలి తగ్గింది, సుత్తి సంచిలో ఉంది. ఇవతల నోట్‌బుక్ మీద ఉంది. తెల్లవారుజామునే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి మళ్ళీ కొలిచాను. మడతా లేదు, ఏమీ లేదు.

అమ్మలూ, నేను ఇదంతా రాస్తున్నది ఈ ఒక్క మాట కోసమే. పుస్తకంలో లెక్కకు ఇచ్చే అంకెలు ముందే సరిచేసి ఉంటాయి. కానీ ఏ భూగర్భ పటమైనా, ఏ గని రిపోర్టయినా ఎవరో ఒకరు ఎండలో నిలబడి నోట్‌బుక్‌లో రాసుకున్న అంకెల నుంచే పుడుతుంది. ఆ అంకె ఎలా పుడుతుందో, ఎక్కడ తప్పుతుందో చేత్తో చేసి చూడనివాళ్ళు దాన్ని ఎంతవరకు నమ్మాలో చెప్పలేరు. అందుకే నోట్‌బుక్‌లో కంటికి కనిపించింది ఒక పక్క, నీకు తోచింది ఇంకో పక్క రాయి. రాత్రి గదికి వెళ్ళి రాద్దామనుకోవద్దు, బండ దగ్గరే రాయి. శాంపిల్ తీసిన మరుక్షణం నంబరు వేసి సంచిలో పెట్టు. ఎక్కడిదో తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

మీరు తిరుమల ఘాట్ రోడ్డు ఎన్నిసార్లు ఎక్కారో లెక్కే లేదు. దారిలో ఒకచోట కింద గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి ఏర్పడిన రాయి, ఉంటాయి. ఆ రెంటి మధ్య ఉన్న గీత దగ్గర కోట్లాది ఏళ్ళ చరిత్ర లేనే లేదు, కోసుకుపోయింది. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది. ఈసారి కారు ఆపించి చూడండి. మీ ట్రిప్‌లో అరియలూరు కూడా ఉందన్నావు. సముద్రానికి అంత దూరంలో, సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లో సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి. రాయి మీద ఒక చుక్క పలుచని యాసిడ్ వేస్తే బుసబుసా పొంగుతుంది. నాకు ఇప్పటికీ సరదాయే.

మన పల్లావరం సంగతి కూడా చెప్పాలి. 1863 మే 30న, ఆ మండుటెండలో, రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు అక్కడి కంకరలో చెక్కిన రాయి ఒకటి కనిపించింది. ఆదిమానవుడు చేసిన క్వార్ట్‌జైట్ గొడ్డలి. మన దేశపు పాతరాతియుగం కథ అక్కడే మొదలైంది. ఆయన రోజూ రాళ్ళ మధ్య తిరిగిన మనిషి కాబట్టే, అది దానంతటది విరిగిన రాయి కాదని పోల్చుకున్నాడు.

ఉద్యోగాల టెన్షన్ మీ నాన్నకు ఉంటుంది. ఒక్క నీళ్ళ సంగతే చెప్తాను. 2019 వేసవిలో చెన్నై పడిన అవస్థ మీరు చూశారు. ఈ చార్నకైట్ రాయిలో నీరు ఇంకడానికి సందులేదు, పగుళ్ళలోనూ పైన ఎండావానలకు కుళ్ళి మెత్తబడిన పొరలోనూ తప్ప. పాత క్వారీ గోడలో ఏ పగులు వెంట చెమ్మ దిగుతోందో చూసి నేర్చుకున్న పిల్ల బోరు ఎక్కడ వేయాలో చెప్పగలదు.

ఇంకో మాట. మా కాలేజీలో మొదటి ఏడాది రాత్రి బస ఉన్న ట్రిప్‌కు అమ్మాయిలను తీసుకెళ్ళలేదు. మగపిల్లలు తెచ్చిన రాళ్ళు మా ముందు పెట్టి వర్ణన రాయమన్నారు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అందుకే మీ నాన్నను బతిమాలుతున్నాను: వెళ్ళాలా వద్దా అని కాదు, వెంట లేడీ లెక్చరర్ వస్తున్నారా, బాత్రూమ్ ఉన్న బస చూశారా, ఫస్ట్ ఎయిడ్ ఉందా అని అడగండి. అమ్మలూ, ప్యాడ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, పొడుగు చేతుల కాటన్ చొక్కాలు, పాతబడిన బూట్లు పెట్టుకో. కొత్త బూట్లు కరుస్తాయి. కాసేపు ఆగుదామని అడగడానికి మొహమాటపడకు. రాయి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. వదులుగా వేలాడే క్వారీ గోడ కిందికి ఎవరు రమ్మన్నా వెళ్ళకు.

ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు ఇద్దరూ మౌంట్ స్టేషన్ దగ్గరికి రండి. ఎండ ముదిరేలోగా మెట్లెక్కుదాం. నా భూతద్దం తెస్తాను, పది రెట్లు పెద్దగా చూపిస్తుంది, ట్రిప్‌కు అమ్మలు దగ్గరే ఉంచుకోవచ్చు. ఒక నోట్‌బుక్, పెన్సిలు తెచ్చుకోండి. సుత్తి మాత్రం వద్దు, ఆ కొండను ఎవరూ కొట్టకూడదు.

మీ పెద్దమ్మ