కుండీ కాదు, ఆటో టైం అడగండి: శానిటేషన్ పనిలో రోజూ వినే అపోహలు

మొన్న సోమవారం ప్రజావాణిలో మా శానిటేషన్ సెక్షన్‌కు తొమ్మిది అర్జీలు వచ్చాయి. ఆరింటిలో ఒకటే మాట: "మా గల్లీ చివర చెత్తకుండీ పెట్టించగలరు." కింద ఇరవై, ముప్ఫై సంతకాలు. "సరే, ఎవరి ఇంటి ముందు పెట్టమంటారు?" అని అడిగితే అందరి గొంతులూ తగ్గిపోతాయి. "ఇండ్ల ముందు కాదు సార్, ఆ ఖాళీ ప్లాటు దగ్గర పెట్టుండ్రి." ఆ ప్లాటు ఓనరు మాత్రం సంతకాలు చేసినవాళ్లలో ఉండడు. ఆయన అమెరికాలోనో, కూకట్‌పల్లిలోనో ఉంటాడు.

నేను మున్సిపాలిటీల్లో పారిశుద్ధ్యం పని చూడబట్టి పంతొమ్మిదేళ్లు. ఈ కుండీ గోల వినని వారం లేదు. మనుషులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: కుండీ లేకనే చెత్త రోడ్డు మీద పడుతోంది.

కుండీ ఉన్నచోటే పడుతుంది. కొత్త కుండీ పెట్టిన మొదటి వారం అందరూ దగ్గరికెళ్లి లోపలే వేస్తారు. రెండో వారం మూత ఊడుతుంది. పక్క టిఫిన్ సెంటరు వాడు తెల్లవారకముందే తన చెత్తతో సగం నింపేస్తాడు. కుక్కలు కవర్లు లాగి రోడ్డంతా పరుస్తాయి. ఆ తర్వాత వచ్చినవాడు ముక్కు మూసుకుని నాలుగడుగుల దూరం నుంచే విసురుతాడు. ఇంకో నెలకు అక్కడికి పాత పరుపు, కొబ్బరి బోండాల చిప్పలు, ఎవరో ఇల్లు రిపేరు చేయించగా మిగిలిన సిమెంటు పెళ్లలు వచ్చి చేరతాయి. ఒక్క వాన పడితే చాలు, ఆ నీళ్లు కారి మ్యాన్‌హోల్ మూసుకుపోతుంది. ఇలా ఎప్పుడూ చెత్త పోగుపడే చోట్లను మేం జీవీపీలు (గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు) అంటాం. ఒకసారి జీవీపీ అయిన మూలను మామూలు మూలగా మార్చడానికి నెలలు పడుతుంది.

కుండీలు తీసేయడం మా బద్ధకం కాదు. సూర్యాపేట 2000ల తొలి ఏళ్లలోనే కుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌లో 2015లో ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. కుండీ ఉండాల్సింది మీ వంటింట్లో, వీధి మూలన కాదు అన్నదే అందులోని ఉద్దేశం.

ఇంతకుముందు నేను పనిచేసిన ఊళ్లో వాటర్ ట్యాంకు పక్కన ఇలాంటి మూలే ఒకటి ఉండేది. ఒకరోజు పొద్దున ఐదున్నరకు మస్టర్ (కార్మికుల హాజరు) వేయించి, కుండీ తీయించి, కడిగించి, బ్లీచింగ్ చల్లించాను. మా కార్మికుల్లో ఒకామె పెద్ద ముగ్గు వేసింది. ఆరు పూలకుండీలు పెట్టాం. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ముగ్గు మీద పద్నాలుగు కవర్లు! చెత్తకుండీ మేం తీస్తే, ఒక పూలకుండీని ఇంకెవరో తీసుకెళ్లారు.

కవర్లు విప్పించాను. మా పనిలో ఇది మామూలే, ఏ కవరులోనైనా ఏదో ఒక అడ్రసు దొరుకుతుంది. ఒకదాంట్లో టమాటా తొక్కలు, పాల ప్యాకెట్లు, చంటిపిల్లల డైపర్లు, వాటి మధ్య ఒక కొరియర్ లేబులు. ఇల్లు రెండు గల్లీల అవతల, పైపోర్షన్. ఫైను పుస్తకం పట్టుకుని కోపంగానే వెళ్లాను. చంకలో పిల్లతో ఒకమ్మాయి తలుపు తీసింది. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది. "సార్, ఆటో పది గంటలకొస్తది. మేమిద్దరం ఏడున్నరకే డ్యూటీలకు పోతం. ఓనరాంటీ మెట్ల కింద చెత్త పెట్టనియ్యది. రెండు రోజులు ఇంట్ల ఉంచితే పురుగులొచ్చినయ్. రాత్రి పది దాటినంక ఈయన పోయి ఏసొస్తడు. అది కూడా భయం భయంగనే సార్."

ఫైను పుస్తకం జేబులో పెట్టేశాను. మిగతా అడ్రసులు కూడా తిరిగితే తేలిందేమిటంటే, పద్నాలుగింటిలో తొమ్మిది ఇళ్లది ఇదే కథ. ఆటో రూటు ఎవరు వేశారని ఆరా తీస్తే, ఎవరూ వేయలేదు. డ్రైవరు ఇల్లు కాలనీకి అటు చివర ఉంది కాబట్టి రోజూ అటు నుంచే మొదలుపెడతాడు, అంతే. రూటు తిరగేశాం. ఈ గల్లీలకు ఆరూ నలభై ఐదుకు బండి రావడం మొదలైంది. మూడు వారాల్లో పద్నాలుగు కవర్లు రెండు మూడుకు దిగాయి. అవి ఒక చికెన్ సెంటరువి. వాళ్లకు మాత్రం ఫైను వేశాను, రెండుసార్లు.

అందుకే చెబుతున్నాను, అర్జీ రాయాల్సింది కుండీ కోసం కాదు. మా గల్లీకి ఆటో ఎన్నింటికి వస్తుంది, ఏ వైపు నుంచి వస్తుంది, రాని రోజు ఎవరికి ఫోన్ చేయాలి అని అడగండి. ఆ మూడింటికీ జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. టైం కుదరనివాళ్లు మూతున్న బకెట్‌ను గేటుకు తగిలించి వెళ్లండి, లేదా ఎదురింటివాళ్లతో మాట్లాడుకోండి. ఇంట్లో రెండు రోజులు ఉంచాల్సి వస్తే తడిచెత్తలోని నీళ్లు బయటికి వంపేసి, కాగితం చుట్టి పెట్టండి. పురుగు అంత తొందరగా పట్టదు.

అపోహ: మేం వేరు చేసి ఇచ్చినా ఆటోలో కలిపేస్తారు, దండగ.

ఇందులో కొంత నిజం ఉంది, దాచను. కానీ ఎందుకు కలుస్తుందో చూడండి. ఆటోలో తడికి ఒక అర, పొడికి ఒక అర ఉంటాయి. సగం ఇళ్లవాళ్లు సాంబారూ అట్టపెట్టే ఒకే కవరులో కట్టి ఇస్తారు. వెనకాల కార్లు హారన్ కొడుతుంటాయి. ఇంకా వందల ఇళ్లు తిరగాలి. ఆ కవరు ఎక్కడ వేయాలి? నిజానికి కలపడం వల్ల ముందు నష్టపోయేది కార్మికుడే. పొడి అట్టలు, సీసాలు అమ్మితే వచ్చే నాలుగు డబ్బులు చాలాచోట్ల వాళ్లవే. సాంబారులో నానిన అట్టను స్క్రాపు షాపువాడు ముట్టుకోడు. మీరు వేరు చేసిచ్చినా మీ కళ్ల ముందే కలిపితే ఆటో నంబరు, టైం రాసి పంపండి, నేను చూసుకుంటాను.

వేరు చేయడమంటే తడి, పొడి మాత్రమే కాదు. ఇంట్లోని ప్రమాదకరమైన చెత్త కూడా వేరుగా ఇవ్వాలని 2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. పోయినేడు మా కార్మికురాలు ఒకామె అన్నం మెతుకుల కవరులో చెయ్యి పెడితే పగిలిన ట్యూబ్‌లైటు ముక్క అరచేతిలో దిగింది. నాలుగు కుట్లు పడ్డాయి. మూడో రోజే కట్టు మీద గ్లౌజు తొడుక్కుని డ్యూటీకి వచ్చింది, రాకపోతే జీతం కోత. గాజు ముక్కలను పేపర్లో చుట్టి, ఇచ్చేటప్పుడు "అక్కా, గాజుంది" అని ఒక్క మాట చెప్పండి. డైపర్లు, ప్యాడ్లు కూడా చుట్టే ఇవ్వండి.

అపోహ: పార్కు బాగోగులు కాలనీ అసోసియేషన్ చూసుకోవాలి, మున్సిపాలిటీకి సంబంధం లేదు.

దీనికి సరిగ్గా తిరగేసి, "లేఅవుట్‌లో పార్కు అని ఉంది, మున్సిపాలిటీ ఎందుకు పట్టించుకోదు?" అని కొట్లాడేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ చూడాల్సిన కాగితం ఒకటే: గిఫ్ట్ డీడ్, అంటే ఆ స్థలాన్ని మున్సిపాలిటీకి రాసిచ్చిన పత్రం. లేఅవుట్ ప్లానులో ఆకుపచ్చ రంగు వేసినంత మాత్రాన స్థలం మున్సిపాలిటీది అయిపోదు. మున్సిపాలిటీ పేర రిజిస్టర్ అయి ఉంటే గడ్డి కోయించమని, ఊడ్పించమని మమ్మల్ని నిలదీయండి. 2019 చట్టం ప్రకారం తెలంగాణ మున్సిపాలిటీలు బడ్జెట్లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. రిజిస్టర్ కాకపోతే అక్కడ పైసా ఖర్చు పెట్టినా మాకు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. ఆలోగా ఎవడో ఒకడు మూలన షెడ్డు వేస్తాడు. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌కు వెళ్లి మీ పార్కు గిఫ్ట్ డీడ్ ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎండుటాకులు కాలిస్తే దోమలు పోవు. పొగ పోగానే తిరిగొస్తాయి. డెంగీ దోమ పుట్టేది ఆకుల్లో కాదు, మీ కూలర్లో, పూలకుండీ కింద పళ్లెంలో. పార్కులో గుంత తీసి ఆకులు వేసి పేడనీళ్లు చల్లితే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది.

లైసెన్సు ఉన్న ఫంక్షన్ హాల్లో కాకుండా బయట టెంటు వేసి నూరుమందికి మించి భోజనాలు పెడుతుంటే మూడు పనిదినాల ముందే మాకు చెప్పాలి. చెబితే బండి పంపిస్తాం. చెప్పకపోతే మర్నాటి విస్తళ్లన్నీ కుక్కల పాలే.

కాలనీ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఫిర్యాదు చేసినట్టు కాదు. మున్సిపాలిటీ యాప్‌లోనో, కంట్రోల్ రూముకో చెప్పి నంబరు తీసుకోండి. హైదరాబాద్‌లో అయితే 040-21111111. అదే గ్రూపుల్లో "చెత్త వేస్తూ కెమెరాకు దొరికితే జైలట" అని తిరిగే ఆడియోలు నాకు ఫార్వర్డ్ చేయకండి, మీకు దండం పెడతాను.

ఫిర్యాదు చేస్తే ఆటోవాడు పగబట్టి మా ఇంటి ముందు ఆపడేమో అని భయపడేవాళ్లుంటారు, ముఖ్యంగా ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది, కొన్నిచోట్ల అలా జరిగింది కూడా. అలాంటప్పుడు నలుగురు కలిసి గల్లీ పేరు మీద ఇవ్వండి. మనిషి మీద కాకుండా "ఈ వారం మూడు రోజులు బండి రాలేదు" అని తేదీలతో రాయండి. ఎవరు రాశారని డ్రైవరు అడిగినా నేను చెప్పను.

సోమవారం నాటి ఆరు అర్జీలూ ఇంకా టేబుల్ మీదే ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఆ గల్లీకి వెళ్లే ఆటో నంబరు రాసుకుంటూ పోతే మూడు గల్లీలకు ఒకటే ఆటో అని తేలింది. రేపు పొద్దున ఆరింటికి దాని వెనకాలే స్కూటర్ మీద వెళ్తున్నాను.