కత్తెర పట్టే ముందు

అంబాజీపేట,
ధనుర్మాసం.

అమ్మలూ, చిన్నోడా,

ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో అమ్మలు ఒక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నా పాత గౌను కత్తిరిస్తే అంచులన్నీ దారాలు దారాలుగా ఊడిపోతున్నాయి. తమ్ముడి టీషర్టు కత్తిరిస్తే ఏమీ ఊడలేదు. ఎందుకు?" అంది. పక్కనుంచి చిన్నోడు, "పాడైనవన్నీ మూట కట్టి తెస్తాం, భోగి మంటలో వేసేద్దాం" అన్నాడు. ఇద్దరికీ కలిపి తీరిగ్గా రాస్తున్నాను. మీ అపార్ట్‌మెంట్లో పిల్లలుంటే వాళ్ళకీ చదివి వినిపించండి.

ముందు గౌను సంగతి. మన వసారాలో నవ్వారు మంచం ఉంది కదా, దాన్ని గుర్తు తెచ్చుకోండి. తలవైపు పట్టె నుంచి కాళ్ళవైపు పట్టె దాకా నిలువుగా నవ్వారు, అంటే వెడల్పాటి నూలు పట్టీ, బిగించి ఉంటుంది. దానికి అడ్డంగా ఇంకో నవ్వారు ఒక వరస పైనుంచి, పక్క వరస కిందనుంచి, మళ్ళీ పైనుంచి, మళ్ళీ కిందనుంచి దూరుకుంటూ పోతుంది. గౌను గుడ్డ కూడా అంతే. నవ్వారు బదులు సన్నటి నూలు దారం ఉంటుంది. నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. బండారులంకలో మగ్గం మీద కూర్చున్నవాళ్ళని అడిగితే ఈ రెండు మాటలతోనే మొదలుపెడతారు.

ఇప్పుడు మంచం పక్క పట్టె దగ్గరికి రండి. అడ్డం నవ్వారు అక్కడ పట్టెని చుట్టుకుని వెనక్కి తిరుగుతుంది. అందుకే అక్కడ లాగినా ఊడదు. మగ్గం మీద పేక దారాన్ని మోసే నాడె ఇటు నుంచి అటు వెళ్ళి, మళ్ళీ అటు నుంచి ఇటు వస్తుంది. పేక దారం వెనక్కి తిరిగే ఆ మలుపుల వరసే చీరకి అంచు. అమ్మలు కత్తెర పెట్టింది అంచు దగ్గర కాదు, నడిమధ్యలో. మలుపు తెగిపోయాక ఆ దారాన్ని పట్టి ఉంచేది ఏదీ లేదు. వేసుకున్న కొద్దీ, ఉతికిన కొద్దీ ఒక్కొక్కటే జారిపోతుంది. టైలరు ప్రతి అంచునీ రెండు మడతలు పెట్టి కుట్టేది ఇందుకే. ఊడిపోయే దారాలకి మళ్ళీ ఒక పట్టె అమర్చిపెడుతున్నాడన్నమాట. ఈసారి కత్తిరించేటప్పుడు కొలతకి చుట్టూ అర అంగుళం ఎక్కువ వదులు, ఆ మడత కోసం.

మంచం గురించి ఇంకో మాట. మంచం ముందు ఎక్కడ కుంగుతుంది? నడుం ఆనే చోట. వారల దగ్గర నవ్వారు ఏళ్ళ తరబడి కొత్తదానిలాగే ఉంటుంది. బట్టలూ అంతే. చొక్కాకి ముందు పోయేది మెడపట్టీ. ఆ తర్వాత మోచేతులు. వీపు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. ప్యాంటుకి మోకాళ్ళూ, కూర్చునే చోటూ పోతాయి, మోకాలి కింద గుడ్డ గట్టిగానే ఉంటుంది. చీరకి కాలి దగ్గర అంచు అరిగిపోతుంది కానీ, నడుం దగ్గర లోపలికి దోపుకునే చెంగు ఎండ మొహం చూడదు కాబట్టి కొన్న రోజు రంగే దాని మీద ఉంటుంది. "ఈ చొక్కా పాతబడిపోయింది" అని మనం ఒక్క మాటలో తీసిపారేస్తాం కానీ, చొక్కా మొత్తం ఒకేసారి పాతబడదు.

ఇది కనిపెట్టడానికి చదువు అక్కర్లేదు. బట్టని ఉతికి ఆరేసి, కిటికీ దగ్గర వెలుగుకేసి ఎత్తి పట్టుకోండి. పలచబడ్డ చోట వెలుగు ఎక్కువగా వస్తుంది, గట్టి చోట తక్కువగా వస్తుంది. పలచబడ్డ చోట్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. గీత బయట ఉన్నదే మీ సరుకు. పట్టు గుడ్డైతే మడతలు కూడా చూడాలి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుచీర ఆ గీత వెంటే చీలుతుంది. మీ అమ్మ చిన్నప్పటి పట్టు పరికిణీ అమ్మమ్మ చీరలోంచి వచ్చిందే. మడత గీతలు తప్పించి కోసి కుట్టించారు కాబట్టే ఇన్నేళ్ళు నిలిచింది.

మా మామ్మకి ఇవన్నీ ఎవరు నేర్పారో గానీ, బొంత కుట్టేటప్పుడు ఆవిడ చేతులు చూస్తూ కూర్చునేవాణ్ణి. పాత నేత చీరలు వరసలు వరసలుగా చాప మీద పరిచేది. ఒక చీర పలచబడ్డ చోటు మీద ఇంకో చీర గట్టి చోటు పడేలా అటూ ఇటూ జరుపుకుంటూ పరిచేది. ఆ జరుపుకోవడానికే ఒక పూట పట్టేది. ఆ తర్వాత చుట్టూ అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో పొడుగు కుట్లు వేసుకుంటూ పోయేది. కుట్టు వంకర పోయినా పట్టించుకునేది కాదు. చీరల్ని పరచడంలో తప్పు జరిగితే మాత్రం మొత్తం ఎత్తేసి మళ్ళీ మొదలుపెట్టేది. 1996 నవంబరులో తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడగొట్టిన రాత్రి, చలికి వణుకుతున్న మీ నాన్నకి కప్పింది ఆ బొంతల్లో ఒకటి. అది ఇప్పటికీ అటక మీద ఉంది.

పండగ ముందు మంచాలన్నీ విప్పి, నవ్వారు చెరువులో ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ అల్లడం మా పిల్లల పని. పెద్దవాళ్ళు బిగించేవారు, మేం కింద కూర్చుని కొస అందించేవాళ్ళం. ఆ అల్లిక చూసే నేను కొబ్బరాకు వాచీ నేర్చుకున్నాను. లేత కొబ్బరాకు తీసుకుని మధ్యలో ఈనె చీల్చేస్తే రెండు మెత్తటి పట్టీలు వస్తాయి. ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని అడ్డంగా పెట్టి, పైకీ కిందికీ దూర్చుకుంటూ మడిస్తే గోరంత మందాన చదరంగా ఒక బిళ్ళ తయారవుతుంది. మిగిలిన తోకలు మణికట్టు చుట్టూ తిప్పి ముడేస్తే వాచీ. ఈనె ముక్కలు రెండు గుచ్చితే ముళ్ళు. అదే ఆకుతో కళ్ళజోడు, ఉంగరం, బూర కూడా చేసేవాళ్ళం. వాచీ పెట్టుకుని బడికి వెళ్తే ఎంత గర్వంగా ఉండేదో! రెండో రోజుకి ఆకు ఎండి పచ్చదనం పోయేది. అయితే ఏం, తోటలో చెట్లకేం కరువు? మీరు రాగానే చేసి చూపిస్తాను. ఈసారి చూడటం కాదు, చెయ్యాలి మీరు.

దండలకి పూసలు కావాలని గురివింద గింజలు మాత్రం ఏరకండి. ఎర్రగా, నల్ల చుక్కతో ముద్దొస్తాయి కానీ లోపల ఉన్నది విషం. సూదితో రంధ్రం పెట్టామంటే పెంకు పగిలి ఆ విషం బయటికొస్తుంది. మీకు పూసలు కావాలంటే గుడ్డతోనే చేసుకోవచ్చు. చిన్న గుడ్డ ముక్కలో దూది ఉండ పెట్టి మూట కట్టి దారం చుడితే ఒక పూస.

గాజు సంగతి చెబుతాను, ఎందుకంటే అమ్మలు అదే చేయబోయి విసిగిపోయిందని మీ అమ్మ చెప్పింది. పాత ప్లాస్టిక్ గాజుకి గుడ్డ పట్టీ చుడితే ముడతలు పడ్డాయన్నావు. పట్టీని నిలువుగా కోశావు కదూ? మళ్ళీ మంచం దగ్గరికి రా. కోళ్ళు వదులైన పాత మంచాన్ని నిలువుగా లాగితే సాగదు, అడ్డంగా లాగినా సాగదు. ఒక మూలన పట్టి తోస్తే మాత్రం మొత్తం పక్కకి వాలిపోతుంది. గుడ్డ కూడా మూల నుంచి మూలకి లాగితేనే సాగుతుంది. అందుకని గాజుకి చుట్టే పట్టీని ఏటవాలుగా కోయాలి. గుడ్డ ఒక మూలని మడిచి, నిలువు అంచుని అడ్డం అంచు మీద పెట్టు. అప్పుడు పడిన మడత గీతే నీ కొలబద్ద. దాని పక్కనే అంగుళం వెడల్పుతో పట్టీలు కోసుకో. గాజు లోపలివైపు ఒక చుక్క జిగురు పెట్టి, పట్టీని కొంచెం లాగి పట్టుకుని, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం పడేలా తిప్పుకుంటూ రా. వంపు దగ్గర గుడ్డ దానంతట అదే సర్దుకుంటుంది. చివర కూడా లోపలివైపే అతికించు, చేతికి గీసుకోకుండా.

చిన్నోడా, ఇక భోగి. భోగి మంటలో మనం వేసేది గొబ్బెమ్మల పిడకల దండలు, ఎండిన కట్టెలు, తాటాకులు. బట్టలు వద్దు. నీ ప్యాంటు, అక్క గౌను చాలావరకు పాలిస్టరు కలిసినవి. నూలు దారం కాలితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు కాలే ముందు కరుగుతుంది. కరిగి గట్టి నల్ల పూసలా ముడుచుకుంటుంది. ఆ చుక్క ఒంటి మీద పడితే చర్మానికి అంటుకుపోతుంది. ఆ పొగ మంట చుట్టూ నిలబడ్డ అందరూ పీల్చాలి. నా చిన్నప్పుడు టెర్లిన్ (అదీ పాలిస్టరే) చొక్కా వేసుకున్నవాడు మా ఊళ్ళో పెద్ద గొప్ప, అప్పట్లో మంటలో వేయడానికి ఎవరికీ పాలిస్టరు మిగిలేది కాదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ బీరువాల నిండా అదే. మీ బట్టలో ఏముందో తెలుసుకోవాలంటే మీ నాన్న పక్కన ఉండగా, చెంబుతో నీళ్ళు పెట్టుకుని, లోపలి కుట్టు నుంచి ఒక్క దారం లాగి చిమటాతో పట్టుకుని వెలిగించి చూడండి. ఒక్క దారం చాలు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ మధ్య పిల్లలు వీడియోలు చూసి మంచి బట్టలు కూడా కోసేస్తున్నారు. మీకు పొట్టిదైపోయినా ఇంకో పిల్లకి సరిపోయే గౌను ముక్కలు చేయాల్సిన సరుకు కాదు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి, వేసుకునేవాళ్ళకి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు చినిగినది ఇవ్వకూడదు. మా అన్నయ్య చొక్కాలు వేసుకునే నేను పెరిగాను. మా అమ్మ చేతులు మడిచి, మడత లోపల గుడ్డ దాచి కుట్టేది, నేను ఎదిగితే విప్పడానికి. మెడపట్టీ పోయి, మోచేతులు చిరిగి, ఇంక ఎవరికీ పనికిరాదన్నప్పుడే దాని గుండీలు తీసి సీసాలో వేసి, వీపు గుడ్డ కోయాలి. ప్యాంటు కాళ్ళు మోకాలి కింద కోస్తే, అవి అప్పటికే గొట్టాలు కాబట్టి, కింద ఒక కుట్టు వేస్తే సంచి అయిపోతుంది. సంతకి తీసుకెళ్ళడానికి నాకొకటి కావాలి, చిన్నోడు కుట్టాలి.

టీషర్టు దగ్గర నా మంచం ఆగిపోతుంది. టీషర్టులో పడుగూ లేదు, పేకా లేదు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు, దాన్లోంచి మరొకటి, ఇలా వేల ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అందుకే అది అన్నివైపులా సాగుతుంది, కోసిన చోట దారం అంత తొందరగా జారిపోదు. టీషర్టుని ఒంటికి అడ్డంగా అంగుళం వెడల్పు పట్టీలుగా కోసి, రెండు కొసలూ పట్టి లాగండి. అంచులు రెండూ లోపలికి చుట్టుకుపోయి గుండ్రటి తాడు తయారవుతుంది, కుట్టు అక్కర్లేదు. మూడు తాళ్ళు తీసుకుని జడ అల్లితే చేతికి కంకణం, పొడుగ్గా అల్లితే మెడకి దండ, ఇంకా పొడుగ్గా అల్లి చుట్టలు చుట్టి కుడితే గుమ్మం ముందు పట్టా.

ఈ ఉచ్చుల పనిలో మన జిల్లాల ఆడవాళ్ళకి మించినవాళ్ళు లేరు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వంట పనయ్యాక అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుందన్న ముద్ర, వచ్చింది. చేతిలో ఒక కొక్కెం సూది, ఒక దారం, అంతే. ఆ సూది మొన దారాన్ని పట్టి ఉచ్చులోంచి లాగుతుంది, మళ్ళీ పట్టి మళ్ళీ లాగుతుంది. చూస్తుండగానే పువ్వు, పువ్వు పక్కన ఆకు. మాట్లాడుతూనే అల్లుతారు, కళ్ళు సూది మీద కూడా ఉండవు. పోనీ ఆ పువ్వు ఎలా వచ్చిందో రాద్దామని కూర్చుంటే నాకు మాటలు అందటం లేదు. పండగ వెళ్ళాక నరసాపురం తీసుకెళ్తాను. అరుగు మీద పక్కన కూర్చుని, వేళ్ళనే చూడండి. చివరి కొస దగ్గర ముడి ఎలా వేస్తారో అడగండి, ఆ ముడి విప్పి లాగితే పువ్వంతా మళ్ళీ ఒక్క దారమైపోతుంది.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఎలాగూ వెళ్తాం. అందరూ ప్రభని, అంటే దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన అలంకరణని, ముందునుంచి చూస్తారు. మీరు వెనక్కి కూడా వెళ్ళండి. వెదురు చట్రం మీద రంగు గుడ్డలు ఎలా బిగించారో, ఎక్కడ కుట్టారో, ఎక్కడ ఊరికే ముడేశారో గమనించండి. చేలకడ్డంగా, కాలవ దాటించి మోసుకొచ్చినా ఆ గుడ్డ ఎందుకు చిరగదో అక్కడే తెలుస్తుంది.

ఈలోగా ఒక పని. అమ్మ ఫోన్లో కెమెరా పెద్దది చేసి, గౌను గుడ్డనీ టీషర్టునీ పక్కపక్కన పెట్టి దగ్గరగా చూడండి. గౌనులో పైకీ కిందికీ వెళ్ళే దారాలు, టీషర్టులో ఉచ్చుల వరసలు కనిపిస్తాయి. ఫొటో తీసి పంపొద్దు. కాగితం మీద పెన్సిలుతో గియ్యండి, చిన్నోడు గౌనుది, అమ్మలు టీషర్టుది. ఆ కాగితాలూ, కోయకుండా ఉంచిన పాత బట్టల మూటా తీసుకుని భోగికి ముందు రోజే బయల్దేరండి. కత్తెర ఇక్కడ నా దగ్గరే ఉంది, సాన పట్టించి ఉంచాను.

మీ
తాతయ్య