‘మా దగ్గర లేడు’: మనుషుల్ని మాయం చేసే కేసుల్లో అపోహలు, వాస్తవాలు

నేను రాజమండ్రిలో వకాలత్ చేస్తుంటాను. పైన రంపచోడవరం, చింతూరు వైపు నుంచి కోయ, కొండరెడ్డి కుటుంబాలు, కింద కోనసీమ పేటల నుంచి దళిత కుటుంబాలు వస్తుంటాయి. "మావాణ్ణి తీసుకెళ్లారండి. అడిగితే మా దగ్గర లేడంటున్నారు" అంటారు. తీరా చూస్తే పట్టా భూమి గురించో, పునరావాసం గురించో పదిమందిలో గట్టిగా మాట్లాడిన మనిషి ఆ ఇంట్లో ఒకరుంటారు. ఏటా ఆగస్టు 30న బలవంతపు అదృశ్య బాధితుల దినం జరుపుతాం. ఆ సభల్లో మేం చెప్పేది ఒకటి, బల్లకి అవతల కూర్చున్నవాళ్లు నమ్ముకుని వచ్చేది ఇంకొకటి.

అపోహ: మాయం చేయడమంటే ఏళ్ల తరబడి మనిషి ఆచూకీ లేకపోవడం. రెండు మూడు రోజులు చెప్పకుండా ఉంచుకుంటే అది మామూలే.

ఎన్నాళ్లు అన్నది అసలు లెక్కలోకే రాదు. బలవంతపు అదృశ్యాల మీద ఐక్యరాజ్యసమితి 2006 డిసెంబరు 20న ఆమోదించిన ఒడంబడిక ప్రకారం చూడాల్సినవి ఇవి: మనిషిని పట్టుకెళ్లాలి, పట్టుకెళ్లినవాళ్లు ప్రభుత్వ మనుషులో వాళ్ల అండ ఉన్నవాళ్లో అయి ఉండాలి, ఆ తర్వాత తీసుకెళ్లలేదని బుకాయించడమో ఎక్కడున్నాడో దాచడమో జరగాలి. అర్జెంటీనాలో ఒక ఖైదీని వేరే జైలుకి మార్చి, వారం పైగా ఇంట్లోవాళ్లకి ఎక్కడున్నాడో చెప్పలేదు. అదీ బలవంతపు అదృశ్యమేనని ఐరాస కమిటీ 2016లో తేల్చింది.

మా వైపు ఎక్కువగా చూసేది ఈ పొట్టి రకమే. మంగళవారం తెల్లవారుజామున ఇంటి మీదకొచ్చి లేపి తీసుకెళ్తారు. శుక్రవారం మెజిస్ట్రేటు ముందు పెట్టిన రిమాండ్ రిపోర్టులో "గురువారం సాయంత్రం ఫలానా సెంటర్లో అనుమానాస్పదంగా తిరుగుతూ, మమ్మల్ని చూసి పారిపోబోగా పట్టుకున్నాం" అని ఉంటుంది. (ఆ పారిపోబోవడం లేని రిపోర్టు చూడ్డం కష్టం.) మధ్యలో బుధవారం ఏమైపోయింది? రాజ్యాంగం 22వ అధికరణం, బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం) 58వ సెక్షన్ పెట్టిన, అరెస్టయినవాణ్ణి మెజిస్ట్రేటు ముందు పెట్టాల్సిన 24 గంటల గడువు కాగితం మీద గురువారం మొదలైంది. అంతకుముందు ఆ మనిషి ఎవరి లెక్కలోనూ లేడు. ఏళ్ల తరబడి కనిపించకుండా పోయినవాళ్ల కథలన్నీ ఇలాంటి ఒక బుధవారంతోనే మొదలవుతాయి. వాళ్ల విషయంలో గురువారం అనేది ఎవరూ రాయలేదు, అంతే తేడా.

అపోహ: 24 గంటలు ఆగితేగానీ కంప్లయింట్ తీసుకోరు.

అలాంటి రూలు ఏ చట్టంలోనూ లేదు. 24 గంటల గడువు పోలీసులకి పెట్టింది, మీకు కాదు.

అపోహ: ముందు మిస్సింగ్ కేసు పెట్టించేస్తే తర్వాత అదే కదులుతుంది.

కదలదు. పైగా అదే మెడకు చుట్టుకుంటుంది. స్టేషన్లో రైటరు సాయం చేస్తున్నట్టే మాట్లాడి, "నా భర్త ఇంటి నుండి బయటకు వెళ్లి తిరిగి రాలేదు" అని రాసి వేలిముద్ర వేయించుకుంటాడు. తర్వాత హైకోర్టులో పోలీసులు వేసే కౌంటరులో (జవాబులో) మొదటి పేరా ఆ వాక్యమే. భార్యే ఇల్లు వదిలి వెళ్లాడని చెప్పిందిగా, మమ్మల్నెందుకు అడుగుతారు అంటారు.

కాబట్టి తీసుకెళ్లినట్టే రాయాలి. ఏ టైముకి, ఎంతమంది, యూనిఫాంలోనా మఫ్టీలోనా, బండి రంగు, నంబరులో గుర్తున్న అంకెలు, ఏ స్టేషనని చెప్పారు, పక్కింట్లోంచి ఎవరు చూశారు. పేర్లు తెలియకపోతే తెలియవని రాయండి, ఊహించి రాయొద్దు. స్టేషన్లో తీసుకోము అంటే ఎస్పీకి, మెజిస్ట్రేటుకి, మానవ హక్కుల కమిషన్‌కి అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి. వెనకటి రోజుల్లో హక్కుల సంఘాలవాళ్లు మనిషిని ఎత్తుకెళ్లారని తెలియగానే టెలిగ్రాములు కొట్టేవాళ్లు. దాని మీద టైము పడేది, చెరపడానికి వీల్లేదు. 2013 జూలైలో ఆ సర్వీసు పోయింది. ఇప్పుడు ఊళ్లో ఎవరో కుర్రాడు "అన్నని తీసుకెళ్లిపోయారు" అని అప్పటికప్పుడు పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఆ పని చేస్తోంది. దాన్ని డిలీట్ చేయకండి.

కాగితం ఎంతదూరం తీసుకెళ్తుందో పంజాబ్‌లో చూశాం. జస్వంత్ సింగ్ ఖాల్రా బ్యాంకు ఉద్యోగి. పోలీసులు ఎత్తుకెళ్లిన సిక్కు యువకులు ఏమయ్యారని వెతుకుతూ శ్మశానాల రిజిస్టర్లు, కట్టెలు కొన్న లెక్కలు బయటికి తీశాడు. 1995 సెప్టెంబరు 6న ఆయన్నీ ఇంటి దగ్గరే ఎత్తుకెళ్లారు. భార్య పరంజీత్ కౌర్ సుప్రీంకోర్టుకి వెళ్లాక సీబీఐ దిగి, అమృత్‌సర్ జిల్లాలో మూడు శ్మశానాల్లోనే 2,097 అక్రమ దహనాలు లెక్కగట్టింది. ఖాల్రా కేసులో పోలీసులకి శిక్షలు పడింది 2005లో. పదేళ్లు పట్టింది.

అపోహ: హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే పిటిషన్) వేస్తే మనిషి వచ్చేస్తాడు.

ఒక్కోసారి వేస్తామని తెలిస్తేనే వచ్చేస్తాడు, నిజమే. కేసు లిస్టులోకి ఎక్కేలోపు అరెస్టు చూపించేస్తారు. కానీ "మా దగ్గర లేడు, మేం తీసుకెళ్లలేదు" అని అఫిడవిట్ పడితే, మన దగ్గర ఎదురు చూపించడానికి ఏమీ లేకపోతే, పిటిషన్ అక్కడే మూసేసే ప్రమాదం ఉంది. అందుకే పైన అంత గొడవ చెప్పింది.

సీసీ కెమెరాల సంగతి మొదటి రోజే అడగాలి. స్టేషన్లలో కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న చెప్పింది. ఫలానా తేదీ ఫుటేజీ చెరపకుండా ఉంచమని ముందే రాతపూర్వకంగా కోరితే, తర్వాత హార్డ్ డిస్క్ పాడైందని చెప్పడం అంత తేలిక కాదు. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు అరెస్టులకి పెట్టిన నియమాలున్నాయి: అరెస్టు మెమో, దాని మీద సాక్షి సంతకం, బంధువుకి కబురు. బీఎన్‌ఎస్‌ఎస్ 37వ సెక్షన్ కింద అరెస్టయినవాళ్ల పేర్లు స్టేషన్లో, జిల్లా కేంద్రంలో ప్రదర్శించాలి. ఇంకో దారి చాలామంది లాయర్లకే గుర్తుండదు. అక్రమంగా నిర్బంధించిన మనిషిని వెతకడానికి అదే చట్టం 100వ సెక్షన్ కింద ఇక్కడి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటో, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటో సెర్చ్ వారంటు ఇవ్వవచ్చు. అమరావతి దాకా వెళ్లక్కర్లేదు.

మనిషి దొరక్కపోయినా పిటిషన్ వృథా కాదు. మణిపుర్‌లో 1982 మార్చిలో హుయినింగ్ అనే నాగా గ్రామం నుంచి ఒక హెడ్మాస్టర్ని, ఒక చర్చి పాస్టర్ని సైన్యం క్యాంపుకి తీసుకెళ్లింది. క్యాంపు నుంచి వెళ్లిపోయారని సైన్యం చెప్పిన మాటని సుప్రీంకోర్టు నమ్మలేదు. చనిపోయి ఉంటారని తేల్చి, 1984లో ఇద్దరి భార్యలకీ చెరో లక్ష ఇవ్వమంది. సెబాస్టియన్ హోంగ్రే కేసంటే ఇదే. ఇప్పటికీ మేం వాదనల్లో దాన్నే పట్టుకుంటాం.

అపోహ: ఏదో చేసి ఉంటేనే తీసుకెళ్తారు.

కల్పనా చక్మా బంగ్లాదేశ్ చిట్టగాంగ్ కొండల్లో మహిళా సంఘం కార్యదర్శి. 1996 జూన్ 12 తెల్లవారకముందే సాయుధులు ఆమెని, ఇద్దరన్నల్ని ఇంట్లోంచి తీసుకెళ్లారు. అన్నలు తప్పించుకుని, వచ్చినవాళ్లలో ఒక సైనికాధికారిని పేరుతో సహా గుర్తుపట్టారు. ఆమె జాడ ఇప్పటికీ లేదు. థాయ్‌లాండ్‌లో కరెన్ తెగవాళ్ల ఇళ్లు తగలబెట్టారని కేసు నడిపించిన బిల్లీ అనే యువకుడు 2014 ఏప్రిల్‌లో నేషనల్ పార్క్ సిబ్బంది పట్టుకున్నాక మాయమయ్యాడు. 2019లో జలాశయం అడుగున దొరికిన పీపాలోని ఎముక అతనిదేనని తేల్చారు. చేసిన నేరం ఏమిటో మీరే చూసుకోండి.

అపోహ: ఇంట్లోవాళ్లు ఊరుకుంటే మనిషికి క్షేమం.

ఈ మాట ఎక్కువగా ఊరి పెద్దమనుషులు చెబుతారు. "నీకింకా ఇద్దరు పిల్లలున్నారమ్మా" అంటారు. భయం అర్థమవుతుంది. బెలూచిస్థాన్‌లో మహరంగ్ బెలూచ్ అనే యువతి తండ్రిని 2009లో ఎత్తుకెళ్లారు, 2011లో శవం దొరికింది. 2017లో తమ్ముణ్ణీ తీసుకెళ్లారు. ఆమె రోడ్డెక్కింది, కొన్ని నెలలకి తమ్ముడు తిరిగొచ్చాడు. 2025 మార్చిలో ఆమెనే జైల్లో పెట్టారు. మాట్లాడితే ప్రమాదం లేదని నేను చెప్పను. కానీ మొదటి మూడు రోజులు ఊరుకుంటే, ఆ మూడు రోజులు అవతలివాళ్లకి ఇచ్చేసినట్టే. ఒడంబడిక 24వ అధికరణం ఇంట్లోవాళ్లనీ బాధితులనే అంటుంది, నిజం తెలుసుకునే హక్కు వాళ్లదంటుంది.

అపోహ: ఏడేళ్లు దాటితే చనిపోయినట్టే, కేసూ పోయినట్టే.

1996 నవంబరు తుపానులో వేటకెళ్లి రాని భైరవపాలెం మత్స్యకారుల వల్ల మా ప్రాంతంలో ఈ ఏడేళ్ల లెక్క ఇంటింటికీ తెలుసు. కానీ అక్కడ ఎవరూ మనిషిని దాచలేదు. సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 111వ సెక్షన్‌లోని ఏడేళ్లు ఆస్తికి, పింఛనుకి పనికొచ్చే ఊహ మాత్రమే. మనిషిని పట్టుకెళ్లినవాళ్లు ఎక్కడ పెట్టారో చెప్పేదాకా ఆ నేరం జరుగుతూనే ఉంటుందన్నది అంతర్జాతీయ చట్టం.

అపోహ: దీనికి మన దగ్గర ప్రత్యేక చట్టం ఉంది.

లేదు. ఐరాస ఒడంబడిక మీద 2007 ఫిబ్రవరి 6న మనం సంతకం పెట్టాం, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. అక్రమ నిర్బంధం, అపహరణ సెక్షన్లతోనే నెట్టుకొస్తున్నాం. శ్రీలంక 2018లో చట్టం చేసింది. అయినా కిలినొచ్చిలో తమిళ తల్లులు మాయమైన తమవాళ్ల కోసం 2017లో రోడ్డు పక్కన మొదలుపెట్టిన దీక్ష చట్టం వచ్చినంత మాత్రాన ముగియలేదు.

అపోహ: హైకోర్టంటే లక్షలు కావాలి.

ఎస్సీ, ఎస్టీలకి, ఆడవాళ్లకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. ఫోన్ నంబరు 15100. హెబియస్ కార్పస్ భార్యే వేయాలని కూడా లేదు. స్నేహితుడు వేయవచ్చు, సంఘం వేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు పైన చెప్పిన వివరాలు, పోస్టు రసీదులు చేతిలో పెట్టుకుని చేయండి.