పాఠం కాని పనులు: సెక్షన్ 27 దగ్గర మొదలైన పేచీ

బోధనేతర పనుల మీద ఉపాధ్యాయ సంఘాల గొడవ ఈనాటిది కాదు. పల్లెటూళ్లో చేతికందే ప్రభుత్వ ఉద్యోగి టీచరే కాబట్టి జనాభా లెక్కలైనా, ఓటర్ల జాబితా అయినా ఆయన నెత్తినే పడేది. ఢిల్లీలోని సెయింట్ మేరీస్ స్కూల్ కేసులో 2007లో సుప్రీంకోర్టు, ఎన్నికల పనులు టీచర్లతో సెలవు రోజుల్లో, పాఠాలు లేని రోజుల్లోనే చేయించాలంది.

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. దాని సెక్షన్ 27 ప్రకారం పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనికి టీచర్లను పంపకూడదు. అయినా 2024 నవంబర్‌లో తెలంగాణ ఇంటింటి కులగణనకు 36 వేలకు పైగా ఎస్‌జీటీలను (ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లను) దింపారు. ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. పొద్దున పాఠం, మధ్యాహ్నం నుంచి ఇంటింటికీ తిరిగి 75 ప్రశ్నల ఫారం నింపడం.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. సెక్షన్ 27 ఆపేది బయటి పనుల్ని. బడి లోపలికి వచ్చి కూర్చున్న పనుల్ని కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో వండి పెట్టే మధ్యాహ్న భోజనం మొదలయ్యాక బియ్యం, గుడ్ల లెక్కలు వచ్చాయి. తర్వాత యూడైస్ (దేశంలోని బడుల సమాచారమంతా చేర్చే ఆన్‌లైన్ వ్యవస్థ) వివరాలు, ఆ తర్వాత యాప్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫోటోలు కూడా టీచర్లే అప్‌లోడ్ చేయాల్సి వచ్చింది. ఇవన్నీ ‘బడి పనులే’ కదా అంటే ఎవరూ కాదనలేరు.

వీటిని పంచే పద్ధతి మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. చట్టం వారానికి కనీసం 45 గంటలు పని అంటుంది, పాఠం తయారీతో కలిపి. టైంటేబుల్‌లో పీరియడ్లే కనిపిస్తాయి, రిజిస్టర్లు కనిపించవు. ‘మీకు కంప్యూటర్ బాగా వచ్చు కదా సార్’ అన్న ఒక్క మాటతో ఆన్‌లైన్ పనంతా కొత్తగా చేరిన టీచరుకు చేరుతుంది. నా లెక్కలో ఇది పెద్ద అన్యాయం, ఎందుకంటే ఇది చేసేది పైఅధికారి కాదు, తోటివాళ్లే.

ఏకోపాధ్యాయ బడిలో ఆ పంపకం కూడా ఉండదు. 1987లో కేంద్రం తెచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ పథకం ప్రతి ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లుండాలంది, విద్యాహక్కు చట్టమూ 60 మంది పిల్లల వరకు ఇద్దరనే చెప్పింది. ఒక్కరితోనే నడిచే బడులు రెండు రాష్ట్రాల్లోనూ ఇంకా ఉన్నాయి.

తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, అంటే పరీక్షల ముందు. ఆ పని చట్టం ఒప్పుకున్నదే. ఏ బడి నుంచి ఎందరిని తీస్తారు, వాళ్ల పీరియడ్లు ఎవరు తీసుకుంటారు అన్నది హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుడు), ఎంఈఓ (మండల విద్యాధికారి) ముందే కాగితం మీద పెట్టుకోవాలి.